నాలుక వేలాడేసిన సింహం: మూతపడిన ఒక సఫారీ పార్కు కేసు హిస్టరీ

పశువైద్య కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పేది హిస్టరీ తీసుకోవడం. మూగజీవి తన బాధ తాను చెప్పుకోలేదు కనుక, దాన్ని తోలుకొచ్చిన మనిషిని అడిగి తెలుసుకోవాలి. "నిన్న పొద్దుగూకేదాకా బాగానే మేసిందయ్యా, తెల్లారేసరికి నెమరు మానేసింది" అని రైతు చెప్పే మాటలో సగం రోగనిర్ధారణ ఉంటుంది. మిగతా సగం ఆయన చెప్పకుండా దాటేసిన సంగతిలో, అంటే ముందురోజు పెళ్లింట మిగిలిన అన్నం గంపెడు తెచ్చి గేదె ముందు కుమ్మరించిన సంగతిలో ఉంటుంది. రైతు అబద్ధమాడడు. తనకు ముఖ్యమనిపించింది చెబుతాడు, అంతే. దానిలోంచి మనకు ముఖ్యమైనది ఏరుకోవడమే మా వృత్తిలో పెద్ద పని.

ఈ నివేదికలో నేను హిస్టరీ తీసుకున్నది కాలిఫోర్నియాలో 1984లో మూతపడిన 'లయన్ కంట్రీ సఫారీ' అనే పార్కు గురించి. ఆ జంతువుల్లో ఒక్కదాన్నీ నేను చూడలేదు, నాకు దొరికిందల్లా వాటిని చూసినవాళ్ల జ్ఞాపకాలు, అప్పట్లో నలుగురికీ తెలిసిన కొన్ని సంఘటనలు. జ్ఞాపకాన్ని కథగా వింటే నవ్వొస్తుంది, లేదంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. అదే జ్ఞాపకాన్ని కేసు షీటు ముందు పెట్టుకుని వింటే అందులో రోగలక్షణాలు కనిపిస్తాయి. నా ఉద్యోగకాలమంతా జంతు ప్రదర్శనశాలల్లో గడిచింది, అందులో కొన్నేళ్లు సర్కస్‌ల నుంచి విడిపించి తెచ్చిన సింహాల మధ్య. ఆ అనుభవంతోనే ఈ పని చేశాను.

నేపథ్యం

రిటైరయ్యాక ఆరు నెలలపాటు కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే నడకకు వెళ్లే దారిలో పరిచయమైన ఒక పెద్దావిడ, నేను జూ డాక్టరునని తెలిసి, అల్లంత దూరాన ఉన్న అపార్ట్‌మెంట్ల వైపు చెయ్యి చూపించి, తాను పెళ్లయిన కొత్తలో అక్కడ సింహాలు తిరిగేవని చెప్పారు. వినగానే అది వయసు మీద పడి అన్న మాటేమోననుకున్నాను. తరవాత తెలిసింది, ఆవిడ చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదని.

దక్షిణాఫ్రికా వ్యాపారి హ్యారీ షూస్టర్ 1967లో ఫ్లోరిడాలోని లాక్సహాచీ దగ్గర 'లయన్ కంట్రీ సఫారీ' పేరుతో ఒక పార్కు తెరిచాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. అదే పేరుతో 1970 జూన్‌లో ఇర్వైన్, లగూనా హిల్స్ మధ్య, 405 ఫ్రీవే అనే పెద్ద రహదారి పక్కన, ఇర్వైన్ కంపెనీ నుంచి కౌలుకు తీసుకున్న దాదాపు 500 ఎకరాల కొండవాలు నేలలో మరో పార్కు మొదలైంది. ఆ తరవాత టెక్సాస్, జార్జియా, వర్జీనియా రాష్ట్రాలకూ ఆ పేరు పాకింది కానీ అవేవీ నిలవలేదు. ఈ రకం పార్కుకు అంతకుముందు ఉన్న పెద్ద నమూనా ఇంగ్లండులోని లాంగ్‌లీట్. అక్కడ సర్కస్ కుటుంబానికి చెందిన జిమ్మీ చిప్పర్‌ఫీల్డ్, ఎస్టేటు యజమాని లార్డ్ బాత్ కలిసి 1966లో సింహాల మధ్య నుంచి సొంత కార్లు నడుపుకుంటూ వెళ్లే దారి తెరిచారు. అంతకు రెండేళ్ల ముందే టోక్యో దగ్గరి తమా జూలో బస్సులో కూర్చోబెట్టి సింహాలను చూపించడం మొదలుపెట్టారు. మన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 1974లో వచ్చిన లయన్ సఫారీ తమా పద్ధతికి దగ్గర, అంటే కిటికీలకు జాలీ కొట్టిన జూ వాహనం, జూ డ్రైవరు, జూవాళ్లు చెప్పిన దారి.

బస్సుకూ సొంత కారుకూ ఉన్న ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వైద్యుడి దృష్టిలో చాలా పెద్దది. బస్సు పద్ధతిలో సింహాల మధ్యకు రోజుకు పాతికసార్లు తెలిసిన బండే వస్తుంది. తలుపు తీయకూడదని తెలిసిన డ్రైవరు ఉంటాడు, ఏ జంతువైనా కుంటుతుంటే సాయంత్రానికి కీపరుకు చెబుతాడు. సొంత కార్ల పద్ధతిలో వందలాది తెలియని బండ్లు, వాటిలో వేడెక్కి ఆగిపోయే ఇంజిన్లు, ఏడ్చే పిల్లలు, అద్దం కొంచెం దించితే ఏమవుతుందిలే అనుకునే తండ్రులు. బోనులో మనిషి, బయట సింహం అన్న ఆ తమాషాయే పార్కుకు ఆకర్షణ. ఆ బోను తాళంచెవి మాత్రం టిక్కెట్టు కొన్నవాడి చేతిలో ఉండేది.

పార్కు 1984 నవంబరులో మూతపడింది. 1973లో, మళ్లీ 1979లో అమెరికాలో పెట్రోలు కటకట వచ్చింది. కారు నడిపితే తప్ప చూడలేని పార్కుకు అది మంచి రోజులు కాదని చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు. 1972లో శాన్ డియేగో జూ వాళ్లు ఎస్కాండిడో దగ్గర వైల్డ్ యానిమల్ పార్కు తెరిచి, కార్లను బయటే ఆపించి, మోనోరైలు ఎక్కించి జంతువులను చూపించసాగారు. ఇర్వైన్ 1971లో నగరమై చుట్టూ ఇళ్లు పెరిగాయి, కౌలు నేల విలువ సింహాల విలువను దాటిపోయింది. పార్కు నేలలో కొంత భాగాన 1981లోనే ఇర్వైన్ మెడోస్ అనే ఆరుబయలు సంగీత వేదిక వచ్చింది. 1986లో వైల్డ్ రివర్స్ అనే నీటి ఆటల పార్కు పెట్టారు. అది 2011 దాకా, సంగీత వేదిక 2016 దాకా నడిచాయి. ఇప్పుడు అక్కడున్నవి అపార్ట్‌మెంట్లు. పార్కు ఆర్థికంగా ఎలా దెబ్బతిన్నదో తేల్చడం నా పని కాదు, కాబట్టి దాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

హిస్టరీ చెప్పినవారు

నాకు ముగ్గురు దొరికారు. ఒకరు పైన చెప్పిన పెద్దావిడ. ఇంకొకరు ఆ రోజుల్లో హైస్కూలు కుర్రాడిగా ఫ్రీవే కంచె దగ్గర సైకిలు ఆపి జిరాఫీల తలలు లెక్కపెట్టిన ఆయన. మూడో ఆయన మనవాడే, గుంటూరు జిల్లా నుంచి 1974లో ఇంజినీరుగా వచ్చి స్థిరపడినవారు, నాకంటే పదేళ్లు పెద్ద. గుడిలో పరిచయమయ్యాక నేను ఆయన్ని అన్నగారనీ, ఆయన నన్ను డాక్టరుగారనీ పిలుచుకోవడం మొదలైంది. ముగ్గురిలో ఎక్కువ వివరంగా చెప్పింది ఆయనే.

అన్నగారి కారు ఏసీ లేని పాత షెవర్లే. 1976 వేసవిలో భార్యనూ ఏడాదిన్నర పాపనూ తీసుకుని వెళ్లారు. లోపలికి వెళ్లేచోట రెండు గేట్లు, మొదటిది వెనక మూసుకున్నాకే రెండోది తెరుచుకుంది. అద్దాలు పూర్తిగా ఎక్కించాలని చెప్పారు. పది నిమిషాలకు కారు లోపల ఇడ్లీ పాత్రలా తయారైంది, పాప గుక్కపట్టింది. ముందు కారు ఆగిపోవడంతో వీళ్లూ ఆగారు. ఎడమవైపు నీడలో ఒక సింహం లేచి, తీరిగ్గా నడిచి వచ్చి, వీళ్ల కారు నీడలో, ముందు టైరుకు వీపు ఆనించి పడుకుంది. "అది ఊపిరి తీస్తుంటే స్టీరింగులో తెలిసినట్టు అనిపించిందండీ" అన్నారాయన. పాప కోసం వాళ్లావిడ వెనక అద్దం రెండు వేళ్లంత దించగానే, చారలు వేసిన జీపు ఎక్కణ్ణుంచో వచ్చి మైకులో హెచ్చరించింది. సింహం లేవదు, కారు కదలదు. పావుగంట అలాగే ఉన్నారు.

ఇంతవరకు చెప్పి ఆయన గర్వంగా, "అది మామూలు సింహం కాదు డాక్టరుగారూ, ఫ్రేజియర్! నాలుక ఎడమవైపుకు వేలాడేసుకుని ఉండేదే, అది" అన్నారు.

ఇంటికొచ్చి నోట్సు రాసుకుంటుంటే తేదీ దగ్గర నా పెన్ను ఆగింది. ఆ పార్కులో అన్నిటికంటే పేరుపడ్డ సింహం ఫ్రేజియర్ చనిపోయింది 1972 జూలైలో. అప్పటికి అన్నగారు అమెరికాలో అడుగే పెట్టలేదు.

ఇలాంటి పొరపాటు ఎదురైతే కొత్త డాక్టరు హిస్టరీ మొత్తాన్ని పక్కన పడేస్తాడు. అది సరికాదు. రెండు గేట్లు, చారల జీపు, అద్దాల వేడి, టైరు నీడలో పడుకున్న సింహం, ఇవన్నీ మిగతా ఇద్దరు వేర్వేరుగా చెప్పినవాటితో సరిపోయాయి. సరిపోనిది పేరొక్కటే. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఫ్రేజియర్ బొమ్మతో చొక్కాలు అమ్మారు, అభిమాన సంఘాలు పెట్టారు, 1973లో సినిమా కూడా తీశారు. బండల్లో రాలిన విత్తనం వర్షం పడ్డాక మొలిచినట్టు, ఎప్పుడో చూసిన ప్రకటన బొమ్మ ఆయన సొంత జ్ఞాపకంలో మొలిచింది. తరవాత కలిసినప్పుడు ఫ్రేజియర్ సంగతి ఎత్తకుండా, ఆ సింహానికి జూలు ఎంత ఉందని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, జూలు గుర్తులేదన్నారు. పక్కనే ఉన్న వాళ్లావిడ కాఫీ గ్లాసులు తీస్తూ, "అది ఆడదండీ" అన్నారు.

ఫ్రేజియర్

ఈ కేసులో జనం గుర్తుపెట్టుకున్నది ప్రధానంగా ఈ సింహాన్నే. కథ ఇలా ఉంటుంది. మెక్సికో సర్కసు నుంచి వచ్చిన ముసలి మగసింహం, వయసు పదిహేడు దాటింది, పళ్లు లేవు, నాలుక మూతిపక్క నుంచి జారి వేలాడుతుంటుంది. పార్కులోని ఆడసింహాల గుంపులోకి అంతకుముందు పంపిన పడుచు మగసింహాలను అవి తరిమికొట్టాయి. ఈ ముసలిదాన్ని మాత్రం రానిచ్చాయి. ఏడాదిన్నర తిరక్కుండానే 30కి పైగా పిల్లలకు తండ్రయింది. అమెరికా అంతా నవ్వుకుంది, ముసలివాళ్లు మురిసిపోయారు, పార్కుకు పేరొచ్చింది.

ఈ కథను లక్షణాలుగా విడదీసి చూద్దాం.

మొదటిది నాలుక. పిల్లి జాతిలో నాలుకను నోట్లో నిలబెట్టేవాటిలో కింది కోరలు ముఖ్యమైనవి. పొలానికి కంచె ఉన్నట్టు అవి నాలుకకు అటూ ఇటూ ఉంటాయి. కోరలు ఊడిపోయి, దవడ కండ పలచబడ్డాక నాలుక పక్కకు జారుతుంది. జారిన నాలుక ఎండుతుంది, పగులుతుంది, ఈగలు వాలతాయి. సర్కసు నుంచి తెచ్చిన సింహాలను మొదటిసారి మత్తులో పెట్టి నోరు తెరిచి చూసినప్పుడు నాకు తరచుగా కనిపించినవి విరిగిన కోరలు, లోపలి నరం బయటపడి నల్లబడిన మొదళ్లు, వాటి కింద చీము. ఇనప ఊచలు కొరికి కొరికి కొన్నింటికి అలా అయింది, కొన్నింటికి మనుషులే చేశారు. అటువంటి నోటితో తొడమాంసం ముక్క తినడం ఎలా ఉంటుందో పన్నునొప్పి వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. మేము ఎముక లేకుండా, గుప్పెడు ముక్కలుగా కోయించి పెట్టేవాళ్లం. ఒక ఆడసింహం అయితే మాంసాన్ని ముందు నీళ్ల తొట్టిలో ముంచుకుని, నానబెట్టుకుని తినేది. ఫ్రేజియర్ నోట్లో ఏముందో నేను చూడలేదు కాబట్టి అతనికి నొప్పి ఉండేదని రాయను. కానీ చొక్కాల మీద జనం నవ్వుతూ వేసుకున్న ఆ నాలుక నా కేసు షీటులో 'దంతనష్టం, పోషణ గమనించాలి' అనే వరుసలోకి వస్తుంది.

రెండోది పడుచు మగసింహాలను తరిమిన సంగతి. అడవిలో మగసింహాలు మందను ఆక్రమించేది తరచు ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములుగా కలిసి వచ్చి. కలిసి ఉంటున్న ఆడసింహాల మధ్యకు ఒక్కొక్క మగదాన్ని విడిచిపెడితే, ఆడవన్నీ ఏకమై దాన్ని తన్నడం వింత కాదు. ముసలిదాన్ని ఎందుకు రానిచ్చాయంటే, నా అభిప్రాయంలో అది ఎవరినీ సవాలు చేసే స్థితిలో లేదు గనక. పడుకుంటే పడుకోనిచ్చాయి. ఎదురుతిరగని కొత్తదాన్ని మంద మెల్లగా ఓర్చుకోవడం ఆవుల దొడ్డిలోనూ చూస్తాం.

మూడోది పిల్లల లెక్క, అందరూ అద్భుతమని చెప్పుకునేది. ఆడసింహం చూలు దాదాపు 110 రోజులు. ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లలు. ఆరేడు ఆడసింహాలు ఒక్కొక్కసారి ఈనితే ఇరవై దాకా అవుతాయి, వాటిలో సగం మళ్లీ ఈనితే ముప్పై దాటుతాయి. ఇందులో అసాధారణమైన మగతనమేమీ లేదు, గుణకారం ఉంది. అసలు ప్రశ్న రెండో ఈతది. పిల్లలను తన దగ్గరే ఉంచుకుని సాకే ఆడసింహం మామూలుగా రెండేళ్ల వరకు మళ్లీ ఈనదు. పిల్లలు చనిపోయినా, వాటిని తీసేసినా, కొద్ది వారాల్లోనే మళ్లీ ఎదకొస్తుంది. కాబట్టి ఏడాదిన్నరలో అన్ని పిల్లలు పుట్టాయని ఎవరైనా చెబితే, పశువైద్యుడు వెంటనే అడగవలసింది "పిల్లలను తల్లుల దగ్గర ఎన్నాళ్లు ఉంచారు?" అని. నాకు హిస్టరీ చెప్పిన పెద్దావిడ, నేను అడగకుండానే, సింహం పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగిన సంగతి చెప్పారు. ఆవిడకు అది జీవితంలో మరపురాని రోజు. పాలు మరవని పిల్ల మనిషి ఒళ్లోకి ఎలా వచ్చిందన్నది నాకు కావలసిన జవాబు.

పుట్టిన ముప్పై పిల్లలూ మూడేళ్లలో ముప్పై పెద్ద సింహాలవుతాయన్నది ఇంకో లెక్క. మన దేశంలో 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కసుల్లో సింహాలు, పులులు, ఎలుగులు, కోతుల ప్రదర్శనను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తరవాత విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల వాటికోసం పునరావాస కేంద్రాలు పెట్టారు. అక్కడికి చేరిన సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, గిర్ రక్తాలు కలిసిపోయిన సంకరజాతివి కావడంతో వాటిని ఈననివ్వకూడదన్నది నియమం. మేము మగవాటికి ఆపరేషన్లు చేశాం, మగవాటినీ ఆడవాటినీ విడివిడిగా ఉంచాం. ఇరవై ఏళ్లపాటు ఒక్కొక్కటీ ముసలిదై చనిపోయేదాకా రోజూ మాంసం పెట్టాలి, పళ్లు చూడాలి, కాలిగోళ్లు లోపలికి పెరిగితే కత్తిరించాలి. ఆ ఖర్చుకు కాగితాలు రాసినవాడిగా, పిల్లల సంఖ్యను విజయంగా లెక్కపెట్టిన ఆ రోజుల మీద నాకు కొంత కోపం ఉందని ఒప్పుకుంటాను.

బబుల్స్

1978 ఫిబ్రవరిలో బబుల్స్ అనే ఆడ నీటిగుర్రం, దాదాపు రెండు టన్నుల బరువుది, పార్కు కంచె దాటి వెళ్లిపోయి దగ్గరలోని ఒక చెరువులో తిష్ఠ వేసింది. పంతొమ్మిది రోజులు అక్కడే ఉంది. ఊరంతా కొండ మీద చేరి చూసింది, టీవీలు వచ్చాయి. సైకిలు కుర్రాడిగా ఉన్నప్పటి ఆయనకు ఇది బాగా గుర్తు. "మేమంతా దానివైపే. దొరకకూడదని కోరుకున్నాం" అన్నాడాయన. పంతొమ్మిది రోజుల తరవాత మత్తు డార్టులు, అంటే దూరం నుంచి తుపాకీతో పేల్చే మందు సూదులు, వేశారు. అది వాలు మీద పడింది, పడిన తీరులో ఊపిరి ఆడక చనిపోయింది. చూలుతో ఉందని తరవాత తెలిసింది.

నా సహోద్యోగులకు ఈ నివేదికలో నిజంగా పనికొచ్చేది ఈ భాగమే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

నీటిగుర్రానికి మత్తు ఇవ్వడం ఇప్పటికీ కష్టమైన పనుల్లో ఒకటి. చర్మం కొన్నిచోట్ల అయిదారు సెంటీమీటర్ల మందం ఉంటుంది. సూది కండలోకి దిగకుండా తోలులోనో కొవ్వులోనో ఆగిపోతే మందు సగమే ఎక్కుతుంది, అది చూసి రెండో డార్టు వేస్తే ఆలస్యంగా రెండూ కలిసి ఎక్కుతాయి. భయపడితే అది నీళ్లలోకే పరుగెత్తుతుంది, మత్తులో నీళ్లలో ఉంటే మునిగి చస్తుంది. కనుక నీటిలో ఉండగా డార్టు వేయడానికి వీల్లేదు, మేతకు గట్టెక్కేదాకా కాచుకోవాలి. అది గట్టెక్కేది ఎక్కువగా చీకటి పడ్డాక. పంతొమ్మిది రోజులు ఎందుకు పట్టిందో జనానికి అర్థం కాలేదు, నాకు మాత్రం ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో పెద్ద జంతువులకు ఎక్కువగా వాడినది ఎటార్ఫిన్ అనే మందు. మార్ఫిన్ జాతిది, ఏనుగునూ ఖడ్గమృగాన్నీ పడగొట్టేంత ఘాటైనది, వేసే డాక్టరు చేతికి గీసుకున్నా ప్రాణం మీదికి తెచ్చేది. దానికి శ్వాసను అణిచే గుణం ఉంది. నీటిగుర్రానికేమో పుట్టుకతోనే, మునక వేసినప్పటిలా, ఊపిరి బిగబట్టి గుండె వేగం తగ్గించుకునే స్వభావం ఉంది. మత్తులో ఆ రెండూ తోడైతే నిమిషాల తరబడి శ్వాస ఆగిపోతుంది. ఇటీవలి కాలంలో మెడిటోమిడిన్, కెటమిన్ కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాక కొంత నయమైంది.

వీటన్నిటికీ మించి నేల వాలు. రెండు టన్నుల జంతువు తల కిందికి, పిరుదులు పైకి ఉండేలా వాలు మీద పడితే, గదులు గదులుగా ఉండే దాని పెద్ద పొట్ట, దానిలోని గడ్డి, నీళ్లు అన్నీ కలిసి, పొట్టకూ ఛాతీకీ మధ్యనుండే ఉదరవితానం అనే కండర పొర మీదికి జారుతాయి. ఊపిరితిత్తులకు విప్పారే చోటుండదు. చూలుతో ఉంటే గర్భసంచి బరువు కూడా దానికి తోడు. పది మంది కలిసి పక్కకు నెట్టలేని బరువు అది, క్రేను వచ్చేలోపు పని అయిపోతుంది.

ఇది పుస్తకం చూసి రాస్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట ఒక పల్లె పొలాల్లోకి వచ్చి తీగ కంచెలో చిక్కుకుని గాయపడ్డ మనుబోతుకు నేను డార్టు వేశాను. మోతాదు సరిగానే ఉంది, దూరం సరిగానే ఉంది, తొడ కండలో శుభ్రంగా దిగింది. అది నలభై గజాలు పరుగెత్తి, పంటకాలువ గట్టు దాటబోయి, ముట్టె కాలువలో, వెనక కాళ్లు గట్టు మీద ఉండేలా కూలిపోయింది. మేము చేరేసరికి కడుపులోని పచ్చటి మేత నోట్లోకీ ముక్కులోకీ వచ్చేసింది. ముగ్గురం మెడ పట్టుకుని పైకి లాగాం, నాలుక బయటికి తీసి వేళ్లతో గొంతు తుడిచాను, మత్తు విరిచే మందు ఎక్కించాను. పన్నెండు నిమిషాలకు గుండె ఆగింది. ఊరివాళ్లు ఎవరూ ఏమీ అనలేదు, ఒక ముసలాయన మాత్రం తన తువ్వాలు తెచ్చి నా చేతులు తుడుచుకోమని ఇచ్చాడు. పోస్టుమార్టం రిపోర్టులో 'మత్తు సమయంలో సంభవించిన శ్వాసావరోధం' అని రాసి సంతకం పెట్టాను. గట్టు సంగతి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఆ తరవాత డార్టు వేయడానికి ముందు జంతువు పారిపోగల నాలుగు దిక్కులా నడిచి చూసి, వాలూ కాలువా బావీ ఉన్న వైపు మనుషులను నిలబెట్టి, జంతువును చదునువైపు మళ్లించే వీలు లేకపోతే ఆ రోజుకు పని మానుకోవడం నాకు అలవాటైంది.

బబుల్స్‌ను పట్టబోయినవాళ్లు అసమర్థులని నేను అనడం లేదు, వాళ్ల స్థానంలో ఉంటే నా చేతిలోనూ అదే జరిగి ఉండవచ్చు. నేను గమనించింది వేరు. కొండలూ లోయలూ ఉన్న నేల కారు కిటికీలోంచి చూడడానికి ఆఫ్రికాలా కనిపిస్తుంది, అందుకే అటువంటి చోటు సఫారీకి నచ్చుతుంది. జంతువు రోడ్డు పక్కన నిలబడి ఉన్నంతసేపు ఆ నేల అందమే, దాన్ని పట్టవలసి వచ్చిన రోజున ప్రతి వాలూ ఒక గండం. కొత్త సఫారీ కోసం స్థలం చూడమని నన్ను రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ వాళ్లు నాకు చూపించింది రోడ్డు మలుపులో సింహం ఎక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుందో. జంతువులను రాత్రి ఉంచే నైట్ హౌస్ దగ్గర లారీ వెనక్కి తిప్పుకునేంత చదును ఉందా, వైద్యం చేసేటప్పుడు జంతువు కదలకుండా ఒత్తిపట్టే స్క్వీజ్ కేజ్ ఎక్కడ పెడతారు అని అడిగితే, అది తరవాత చూసుకుందాం సార్ అన్నారు.

మిస్టీ

1983 జూలైలో మిస్టీ అనే ఏనుగు గొలుసు తెంచుకుంది. దాన్ని అదుపు చేయబోయిన పార్కు ఉద్యోగి ఒకరు దాని చేతిలో చనిపోయారు. ఫ్రీవే ఆపారు. పార్కు ఆ మరుసటి ఏడాదే మూతపడింది కనుక, నాకు చెప్పిన ముగ్గురూ ఈ రెంటినీ కలిపి, ఏనుగు వల్లే మూసేశారని చెప్పారు. ముందు జరిగింది కారణం, వెనక జరిగింది ఫలితం అనుకోవడం హిస్టరీ చెప్పేవాళ్లందరికీ సహజం. "టీకా వేశారు, మర్నాడు గొర్రె చచ్చింది" అనే మాట నేను వినని ఊరు లేదు.

ఏనుగు పక్కన మనిషి నిలబడి గొలుసుతో, అంకుశంతో నడిపించే పద్ధతికి మారుగా, మధ్యలో కటకటాలు ఉంచి మేత ఆశ చూపి ఏనుగే కాలు ఎత్తి చూపేలా తర్ఫీదు ఇచ్చే పద్ధతి 1990ల ఆరంభంలో అదే శాన్ డియేగో వైల్డ్ యానిమల్ పార్కులో రూపుదిద్దుకుంది. మన మావటీలకు ఇది ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడని సంగతి, వాళ్లతో నేను చాలాసార్లు వాదించాను, కొన్నిసార్లు ఓడిపోయాను కూడా. మిస్టీ మాత్రం యజమానుల చేతులు మారుతూ ఇంకో ఇరవై ఏళ్లు గడిపి, 2004లో టెనెస్సీలోని ఏనుగుల శరణాలయానికి చేరింది. ఈ కేసు షీటులో, 'చివరకు ఏమైంది' అన్న గడిలో చెప్పుకోదగ్గ జవాబు దొరికింది ఆ ఒక్క జంతువుకే.

చివరి పరీక్ష

ఇండియా తిరిగి రావడానికి వారం ముందు అన్నగారి ఇంటికి భోజనానికి వెళ్లాను. గోంగూర పచ్చడి వడ్డించుకుంటుండగా, ఇక చెప్పక తప్పదని, ఫ్రేజియర్ 1972లోనే పోయిందని చెప్పాను. ఆయన ఒక్క క్షణం చూసి, పెద్దగా నవ్వి, "నలభై ఏళ్లుగా మా ఆవిడ చెబుతూనే ఉందండీ, అది ఆడదీ, దానికి నాలుకా లేదు గీలుకా లేదు అని" అన్నారు. ఆవిడ నవ్వకుండా లోపలికి వెళ్లి, ఆల్బం తెచ్చి నా చేతికిచ్చారు.

చతురస్రపు ఫోటో, రంగులు ఎర్రబారాయి. కారు అద్దం మీద పాప చేతిముద్ర, దాని అవతల సింహం వెన్ను. నేను కళ్లజోడు పైకి తీసి దగ్గరగా పెట్టుకుని, అలవాటు ప్రకారం తోక నుంచి తల వైపు చూసుకుంటూ వెళ్లాను. తుంటి ఎముక పొడుచుకు రాలేదు. పక్కటెముకలు లెక్కకు అందడం లేదు, వాటి మీద కండ ఉంది. వెంట్రుక ఒంటికి అంటుకుని నునుపుగా ఉంది, గజ్జి మచ్చలు లేవు. కుడి చెవి అంచు కొంచెం చిరిగి మానిపోయింది, మందలో ఉండే ఆడసింహానికి అది మామూలే. నోరు మూసి ఉంది. ఆ పూటకు, ఆ కారు నీడలో, ఆ జంతువు ఆరోగ్యంగానే ఉందని రాసుకున్నాను.